ఎస్ట్రడయోల్ 14 ఉన్నప్పుడు గర్భసంచి క్యాన్సర్ ఎలా వచ్చిందంటే

మీరు రాసింది రెండుసార్లు చదివాను. అమ్మగారికి 58 ఏళ్లు, ఊరు రాజోలు దగ్గర, ముట్లు ఆగిపోయి ఎనిమిదేళ్లు. బరువు 78 కిలోలు, పదేళ్లుగా షుగరు. నాలుగు నెలల నుంచి అప్పుడప్పుడు ఎర్రబట్ట కనిపిస్తుంటే వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు తాగుతూ గడిపారు. చివరికి ముక్క పరీక్షలో (బయాప్సీ) గర్భసంచి లోపొర క్యాన్సర్, గ్రేడ్ 1, అంటే నెమ్మదిగా పెరిగే రకం అని తేలింది. ఈలోగా ఎవరో చెప్పారని హార్మోన్ ప్యాకేజీ చేయించారు. ఎస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజెన్ 14, ఎఫ్‌ఎస్‌హెచ్ 72, సీఏ-125 అయితే 22. "ఈస్ట్రోజెన్ ఎక్కువై వచ్చే క్యాన్సర్ అని డాక్టరుగారు అన్నారు, రిపోర్టులో చూస్తే ఈస్ట్రోజెన్ అడుగంటి ఉంది, ఇద్దరిలో ఎవరిది తప్పు? ఆపరేషన్‌కి ముందు మళ్లీ చేయించమంటారా?" అని అడిగారు.

ఎవరిదీ తప్పు కాదమ్మా. కాకినాడలో చదువుకున్న రోజులు కలుపుకుని 31 ఏళ్లుగా ఈ గోదావరి జిల్లాల ఆడవాళ్ల గర్భసంచులు, అండాశయాలే నా పని. హార్మోన్ రిపోర్టు చూసి అనవసరంగా ఏడ్చినవాళ్లని చూశాను, అదే రిపోర్టు చూసి ధైర్యం తెచ్చుకుని ఆలస్యం చేసినవాళ్లనీ చూశాను. నా బాధంతా ఈ రెండోవాళ్ల గురించే. అందుకని వివరం తర్వాత, ఈ మాట ముందు. ఆపరేషన్‌కి తేదీ ఇచ్చి ఉంటే ఈ అంకెల కోసం దాన్ని ఒక్క రోజు కూడా వెనక్కి జరపకండి.

ఎఫ్‌ఎస్‌హెచ్ 72 పక్కన "హెచ్" గుర్తు (హై, అంటే ఎక్కువ) పడిందని, క్యాన్సర్ పాకిందేమోనని రాశారు. ఆ భయం ఈ పూటే వదిలేయండి. ఎఫ్‌ఎస్‌హెచ్ వచ్చేది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి. గర్భసంచిలోని గడ్డకీ దానికీ సంబంధం లేదు. మీది గోదావరి సెంట్రల్ డెల్టా శివారు కాబట్టి ఇలా చెబితే తేలిగ్గా తెలుస్తుంది. కాలువ నీరు అందకపోతే శివారు రైతులు లాకుల దగ్గరికెళ్లి కేకలేస్తారు. నీరు ఎంత తగ్గితే కేక అంత పెద్దది. అండాశయం ఈస్ట్రోజెన్ ఇచ్చినన్నాళ్లూ పిట్యూటరీ నెమ్మదిగా అడుగుతుంది. ముట్లు ఆగాక అండాశయం తలుపులు దించేస్తుంది, పిట్యూటరీ అడగడం మాత్రం మానదు. ఆ కేకే మీ రిపోర్టులోని 72. ఆ వయసులో 30 దాటడం మామూలు, 100 దాటినవాళ్లూ ఆరోగ్యంగానే ఉంటారు. ముట్లు వస్తున్నవాళ్ల కొలతతో పోల్చడం వల్లే కంప్యూటర్ "హెచ్" అని వేసింది.

ఈ "హెచ్" మన దగ్గర ఎక్కువమందిని భయపెట్టడానికి ఇంకో కారణం ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తీసేసి ఉంది. దేశం మొత్తం మీద చూస్తే ఆ లెక్క నూటికి 3 దగ్గరే. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పి అని 35 ఏళ్లకే తీయించుకుని, దాంతోపాటు అండాశయాలు కూడా పోయాయో లేదో తెలియనివాళ్లు నా ఓపీకి వారం వారం వస్తారు. అండాశయాలు పోతే కొద్ది రోజుల్లోనే ఎస్ట్రడయోల్ పడిపోతుంది, ఎఫ్‌ఎస్‌హెచ్ ఎగబాకుతుంది, ఒంట్లోంచి ఆవిర్లు మొదలవుతాయి. నలభై ఏళ్లయినా నిండని మనిషికి 80 అని వస్తే అది క్యాన్సర్ గుర్తు కాదు, ఎముకల గురించి ఇప్పట్నుంచే జాగ్రత్త పడమనే కబురు. అలాంటివాళ్లు పాత డిశ్చార్జి కాగితం వెతికి అండాశయాలు ఉన్నాయో తీశారో చూసుకోవాలి. ఉంటే అండాశయ క్యాన్సర్‌కి వీలున్నట్టే, గర్భసంచి లేదు గదా అని నిశ్చింతగా ఉండకూడదు.

ఇక అసలు చిక్కు, ఎస్ట్రడయోల్ 14.

ముట్లు వస్తున్న వయసులో ఈ అంకె నెలలోని రోజుని బట్టి 30 నుంచి 400 దాకా ఊగుతుంది. ముట్లు ఆగాక 20, 30 లోపుకి దిగిపోతుంది. కాబట్టి 14 అంటే అమ్మగారి అండాశయాలు విశ్రాంతి తీసుకుంటున్నాయని, అంతే. మన ఊళ్లలో ల్యాబులు వాడే మామూలు పద్ధతి, అంటే ఇమ్యునోఅస్సే, ఇంత చిన్న అంకెల దగ్గర అంత కచ్చితంగా చెప్పలేదు. అదే రక్తం ఇంకో మిషన్ మీద పెడితే 8 రావచ్చు, 22 రావచ్చు. మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే పద్ధతిలో నికరంగా తెలుస్తుంది గానీ, తెలిసినా అమ్మగారి వైద్యంలో ఏదీ మారదు.

వేసవిలో కాలువలు కట్టేస్తారు చూడండి. కాలువ గట్టు మీద నుంచుని చూస్తే చుక్క నీరు లేదు. కానీ ఊరి చెరువులో ఉంటుంది, దాని పక్క పొలం తడిగానే ఉంటుంది. ముట్లు ఆగాక ఈస్ట్రోజెన్ సంగతి కూడా అంతే. అండాశయం ఆపేసినా, కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులూ కొంతవరకు ఆ అండాశయాలే ఆండ్రోస్టెనిడయోన్ అనే పదార్థాన్ని తయారుచేస్తూనే ఉంటాయి. ఒంట్లోని కొవ్వు కణాల్లో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది ఆ పదార్థాన్ని ఈస్ట్రోన్ అనే ఇంకో రకం ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుంది. ముట్లు ఆగిన ఆడవాళ్లకి ప్రధానమైన ఈస్ట్రోజెన్ ఇదే. కొవ్వు ఎంత ఉంటే ఈ తయారీ అంత. మీరు చేయించిన ప్యాకేజీలో ఈస్ట్రోన్ లేదు, చాలా ప్యాకేజీల్లో ఉండదు. పైగా గర్భసంచి లోపొరకే ఆ ఈస్ట్రోన్‌ని అక్కడికక్కడే ఎస్ట్రడయోల్‌గా మార్చుకునే శక్తి ఉంది. చేతి నరంలోంచి తీసిన రక్తంలో అది కనపడదు.

ఇంకొకటి. రక్తంలో ఎస్ట్రడయోల్ చాలావరకు ప్రొటీన్లకి అంటుకుని తిరుగుతుంది, విడిగా పనిచేసేది నూటికి రెండు పాళ్లే. దాన్ని పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్, బరువు పెరిగినా ఒంట్లో ఇన్సులిన్ పెరిగినా తగ్గిపోతుంది. అమ్మగారికి రెండూ ఉన్నాయి. అంటే మొత్తం అంకె 14 గానే ఉన్నా, అందులో పనిచేసే భాగం సన్నటి మనిషిలో కంటే ఎక్కువ. ఇన్సులిన్ సొంతంగా కూడా లోపొర కణాలని ఎదగమని తోస్తుంది.

వీటన్నిటికంటే పెద్ద సంగతి కాలం. ఈస్ట్రోజెన్ లోపొరని పెంచుతుంది, ప్రొజెస్టిరాన్ దాన్ని అదుపులో పెట్టి నెలనెలా రాల్చేస్తుంది. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టిరాన్ రాదు. ముట్లు ఆగే ముందు రెండు మూడేళ్లు నెలసరి అటూ ఇటూ అయినప్పుడు, ఆగాక ఈ ఎనిమిదేళ్లూ, లోపొర మీద పగ్గం లేని ఈస్ట్రోజెన్ కొద్దికొద్దిగా పనిచేస్తూనే ఉంది. మొన్న ఒక్క పొద్దున తీసిన రక్తం అన్నేళ్ల కథ చెప్పలేదు. పగ్గం లేకపోవడం వల్లే ఇది వస్తుందనడానికి గట్టి సాక్ష్యం అమెరికాలో దొరికింది. ముట్లు ఆగినవాళ్లకి అక్కడ ఒంటరిగా ఈస్ట్రోజెన్ మాత్రలు ఇచ్చేవారు. ఆ మాత్రలు వాడినవాళ్లలో గర్భసంచి క్యాన్సర్ కొన్ని రెట్లు ఎక్కువని 1975లో రెండు పరిశోధనలు ఒకేసారి చూపించాయి. గర్భసంచి ఉన్నవాళ్లకి ప్రొజెస్టిరాన్ కలిపి ఇవ్వడం ఆ తర్వాతే స్థిరపడింది. రొమ్ము క్యాన్సర్‌కి వాడే టమాక్సిఫెన్ కూడా గర్భసంచి దగ్గర ఈస్ట్రోజెన్‌లాగే పనిచేస్తుంది, ఆ మాత్ర మింగుతున్నవాళ్లకి చుక్క ఎర్రబట్ట కనిపించినా డాక్టరుకి చెప్పాల్సిందే.

అమ్మగారి విషయంలో నిజం చెప్పింది ఆ ఎర్రబట్టే. గర్భసంచి లోపొర క్యాన్సర్ వచ్చినవాళ్లలో నూటికి 90 మందికి మొదటి గుర్తు అదే. ముట్లు ఆగాక రక్తం కనిపించినవాళ్లందరికీ క్యాన్సర్ ఉండదు, పదిమందిలో ఒకరికి ఉంటుంది. ఆ ఒకరెవరో తేల్చేది లోపలి నుంచి చేసే స్కానింగ్, ఆ తర్వాత ముక్క పరీక్ష. ఆ స్కానులో లోపొర మందం 4 మిల్లీమీటర్ల లోపుంటే క్యాన్సర్ ఉండే అవకాశం చాలా తక్కువ. పైన ఉంటే ముక్క తీయాలి. ఏళ్ల కిందట ఒక పెద్దావిడ ఎర్రబట్టతో ఇంకోచోటికి వెళితే హార్మోన్ పరీక్ష చేసి, "అన్నీ నార్మల్, వయసు ప్రభావం" అని పంపేశారు. ఆవిడ ఆ కాగితం మడతపెట్టి బియ్యం డబ్బాలో దాచుకున్నారట. నా దగ్గరికి వచ్చేసరికి పద్నాలుగు నెలలైంది, జబ్బు గర్భసంచి దాటిపోయింది. కాగితం మీద అంకెలన్నీ అప్పుడూ సరిగ్గానే ఉన్నాయి. అందుకే ఈ విషయంలో నా గొంతు కొంచెం పెద్దదవుతుంది.

సీఏ-125 గురించి అడిగారు. అది హార్మోన్ కాదు, కడుపులోపలి పొరల నుంచి వచ్చే ఒక ప్రొటీన్. 35 లోపు మామూలు అంటారు. అమ్మగారి 22 మంచిదే, కానీ గర్భసంచిలోనే ఉన్న జబ్బుకి అది పెరగకపోవడం మామూలే, దాన్ని చూసి జబ్బు లేదనలేం. అలాగే పెరిగినంత మాత్రాన క్యాన్సర్ అనీ అనలేం. ఎండోమెట్రియోసిస్‌లో, గర్భసంచి గడ్డల్లో, కడుపులో టీబీ వచ్చి నీరు చేరినప్పుడు వందలు కూడా దాటుతుంది. పొట్టలో నీరు, సీఏ-125 ఎక్కువ అనగానే అండాశయ క్యాన్సర్ అని ఇంటిల్లిపాదీ ఏడుస్తూ వచ్చి, చివరికి ఆరు నెలల టీబీ మందులతో బాగైపోయినవాళ్లు ఉన్నారు.

హార్మోన్ పరీక్షలు దండగ అని నేను అనడం లేదు. వాటికి పని ఉన్నచోట వాటిని మించింది లేదు. అండాశయంలో గ్రాన్యులోసా కణాల గడ్డ అని ఒకటుంది. అది స్వయంగా ఈస్ట్రోజెన్‌ని కురిపిస్తుంది. అరవై దాటిన మనిషికి మళ్లీ నెలసరి మొదలై, రొమ్ములు సలుపుతూ, "నాకు వయసు తగ్గిందమ్మా" అని సంబరంగా చెప్పిన ఒకావిడకి ఎస్ట్రడయోల్ వయసులో ఉన్న పిల్లకి ఉన్నంత ఉంది, ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా అణిగిపోయి ఉంది. శివారుకి నీరు నిండుగా అందుతుంటే కేకలెందుకు? అక్కడ తక్కువ ఎఫ్‌ఎస్‌హెచ్చే నన్ను కంగారుపెట్టింది. ఆ కణాలే వదిలే ఇన్‌హిబిన్ బి, ఏఎంహెచ్ అనే హార్మోన్ల పరీక్షలు ఆ అనుమానాన్ని గట్టిపరుస్తాయి. ఆ గడ్డ తీసేసిన పదిహేను, ఇరవై ఏళ్లకి కూడా తిరిగి రాగలదు కాబట్టి ఆ పరీక్షలు ఏళ్ల తరబడి చేయిస్తూ ఉండాలి. మగ హార్మోన్ చేసే గడ్డలూ ఉన్నాయి. కొద్ది నెలల్లోనే గడ్డం, మీసం మొలిచి గొంతు బొంగురుపోతే టెస్టోస్టిరాన్ చూడాలి, 200 నానోగ్రాములు దాటితే గడ్డ కోసం వెతకాలి.

అంకె మీదే ప్రాణం ఆధారపడే జబ్బు ఒకటుంది. ముత్యాల గర్భం. కడుపులో బిడ్డకి బదులు మాయ ద్రాక్షగుత్తిలా ఉబ్బిపోతుంది. దాన్ని శుభ్రం చేశాక హెచ్‌సీజీ అనే హార్మోన్‌ని వారం వారం చూడాలి. వరసగా మూడు వారాలు మామూలుకి వచ్చేదాకా అలా చూసి, ఆ తర్వాత నెలకోసారి. తగ్గడం ఆగిపోయి మూడు వారాలు ఒకేచోట నిలబడినా, రెండు వారాల్లో మళ్లీ పెరుగుతూ పోయినా క్యాన్సర్‌గా మారుతున్నట్టు లెక్క. పూర్తి ముత్యాల గర్భంలో నూటికి 15 నుంచి 20 మందికి అలా జరుగుతుంది. లంక గ్రామం నుంచి వచ్చే ఒక ఇరవై రెండేళ్ల అమ్మాయి రెండు వారాలు చేయించుకుంది, అంకె పడిపోతోందని సంతోషించింది. తర్వాత గోదావరికి వరదొచ్చింది, పడవ ఆగింది, వరద తీశాక ఇక మళ్లీ రాలేదు. మూడు నెలలకి దగ్గులో రక్తంతో వచ్చింది. ఊపిరితిత్తుల నిండా పాకింది, హెచ్‌సీజీ లక్షల్లో ఉంది. కీమో ఇచ్చాం. పూర్తిగా నయమైంది, తర్వాత ఇద్దరు పిల్లలు. ఆ వయసు పిల్ల ఊపిరితిత్తుల దాకా పాకిన క్యాన్సర్ నుంచి అలా లేచి తిరగడం వేరే చాలా జబ్బుల్లో అంత ధీమాగా చెప్పలేం.

ఆ ధీమా వెనక ఒక మనిషి మొండితనం ఉంది. 1956లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే డాక్టర్లు ఈ క్యాన్సర్‌కి మెథోట్రెక్సేట్ ఇచ్చారు. ఎక్స్‌రేలో గడ్డలు మాయమైనా హెచ్‌సీజీ ఇంకా కొంచెం మిగిలి ఉందని, అది పూర్తిగా పోయేదాకా మందు ఆపనని లీ పట్టుబట్టాడు. గడ్డే లేనప్పుడు విషం లాంటి మందెందుకని పైవాళ్లు అభ్యంతరం చెప్పారు, ఆయన ఉద్యోగం పోయింది. తర్వాత చూస్తే, అంకె పూర్తిగా దిగేదాకా మందు తీసుకున్నవాళ్లకి జబ్బు తిరగబెట్టలేదు. రక్తంలో హార్మోన్ అంకెని ఎప్పుడు నమ్మాలంటే ఇలా, ఆ హార్మోన్‌ని గడ్డే తయారుచేస్తున్నప్పుడు. అమ్మగారి గడ్డ ఏ హార్మోన్‌నీ రక్తంలోకి వదలదు, ఉన్నదాన్ని వాడుకుని పెరుగుతుంది. అందుకే ఆమె రక్తంలో వెతికితే దొరకదు.

మరి హార్మోన్ తగ్గించే మందులతో ఆపరేషన్ తప్పించుకోవచ్చా అన్నారు. పిల్లలు కావాలనుకునే వయసులో, గ్రేడ్ 1 జబ్బు కండరంలోకి అసలు దిగలేదని ఎమ్మారైలో తేలితే, మెజెస్ట్రాల్ లాంటి ప్రొజెస్టిరాన్ మాత్రలు గాని, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ గాని ఇస్తారు. మూడు నెలలకో ఆరు నెలలకో మళ్లీ ముక్క తీసి చూస్తూ ఉండాలి, పిల్లలయ్యాక గర్భసంచి తీసేయాలి. గుండె జబ్బు వల్ల మత్తు ఇవ్వలేని వాళ్లకీ ఆ దారే. అమ్మగారికి ఆ రెండు ఇబ్బందులూ లేవు. గర్భసంచి, గొట్టాలు, అండాశయాలు తీసేస్తే, జబ్బు గర్భసంచి దాటని దశలో నూటికి 90 మందికి పైగా ఐదేళ్లు దాటి బతుకుతున్నారు, చాలామందికి కరెంటు (రేడియేషన్) పెట్టాల్సిన అవసరం కూడా రాదు. అంత మంచి దారి ఎదురుగా ఉంటే మాత్రల మీద కాలం గడపొద్దు.

హార్మోన్ గురించి అడగాల్సిన పరీక్ష రక్తంలో కాదు, తీసిన ముక్కలో. గడ్డ కణాల మీద ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ గ్రాహకాలు ఉన్నాయా అని చూస్తారు, రిపోర్టులో ఈఆర్, పీఆర్ అని రాస్తారు. రేపెప్పుడైనా జబ్బు తిరగబెడితే ఈస్ట్రోజెన్ తయారీని ఆపే లెట్రోజోల్ లాంటి మాత్రలు పనిచేస్తాయో లేదో దాన్ని బట్టి అంచనా వేస్తాం. ఆ ముక్క మీదే ఎంఎంఆర్ పరీక్ష కూడా చేయమనండి, కణంలో డీఎన్ఏ తప్పుల్ని దిద్దే ప్రొటీన్లు ఉన్నాయో లేదో అందులో చూస్తారు. అది తేడాగా వస్తే వంశపారంపర్యంగా గర్భసంచి, పెద్దపేగు క్యాన్సర్లు తెచ్చే లించ్ సిండ్రోమ్ గురించి మీరూ మీ అన్నదమ్ములూ చూపించుకోవాలి. ముఖ్యంగా మేనమామల్లో గాని, అమ్మమ్మ వైపు గాని పెద్దపేగు క్యాన్సర్ ఉంటే డాక్టరుకి తప్పక చెప్పండి.

ఆపరేషన్ తర్వాత కూడా నెలనెలా హార్మోన్ పరీక్ష అక్కర్లేదు. ఎఫ్‌ఎస్‌హెచ్ ఎప్పటికీ ఎక్కువే ఉంటుంది. మొదటి రెండు మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టరు చేత్తో పరీక్ష చేయాలి, మధ్యలో రక్తం కనిపించినా, కాళ్లు వాచినా, పొట్ట ఉబ్బినా ఆగకుండా వెళ్లాలి. ఆ ప్యాకేజీల డబ్బు షుగరు పరీక్షలకి, మంచి చెప్పులకి పెట్టి అమ్మగారిని సాయంత్రం గట్టు మీద నడిపించండి.

చివర్లో ఒక్క ముక్కలో మీ గురించి రాశారు, 33 ఏళ్లు, పీసీఓడీ, మూడు నాలుగు నెలలకోసారి నెలసరి, జుట్టు రాలుతోందని బయోటిన్ బిళ్లలు. నాకు ఆ ముక్క దగ్గరే మనసు ఆగింది. అండం విడుదల కాని నెలలన్నీ మీ లోపొరకీ పగ్గం లేని నెలలే. సన్నగా ఉన్నా, పెళ్లయినా కాకపోయినా, మూడు నెలలకి మించి నెలసరి రాకుండా వదిలేయకండి. ప్రొజెస్టిరాన్ మాత్రలతో తెప్పించాలి, లేదా మీకు పడితే గర్భనిరోధక మాత్రలు వాడాలి. ఏళ్ల తరబడి అవి వాడినవాళ్లలో గర్భసంచి, అండాశయ క్యాన్సర్లు రెండూ తగ్గుతాయి. సర్వైకల్ క్యాన్సర్ మాత్రం వేరే సంగతి, అది హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తుంది, దానికి పాప్ స్మియర్ గాని హెచ్‌పీవీ పరీక్ష గాని విడిగా చేయించుకోండి. ఇక బయోటిన్. అది రక్తంలో ఉంటే చాలా మిషన్లలో ఎస్ట్రడయోల్, టెస్టోస్టిరాన్ లేనిపోని ఎక్కువ, ఎఫ్‌ఎస్‌హెచ్, టీఎస్‌హెచ్ లేనిపోని తక్కువ చూపిస్తుంది. మీరు ఏ హార్మోన్ పరీక్ష చేయించుకున్నా మూడు రోజుల ముందు ఆపి, ల్యాబులో ఆ మాట చెప్పండి.

అమ్మగారిని తీసుకెళ్లేటప్పుడు ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు, స్కానింగ్ ఫిల్ములు, మూడు నెలల షుగరు (హెచ్‌బీఏ1సీ) రిపోర్టుతోపాటు ముక్క పరీక్ష చేసిన ల్యాబు నుంచి గాజు పలకలు (స్లైడ్లు), మైనం దిమ్మ (బ్లాక్) కూడా అడిగి తీసుకోండి. కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్లినా, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లినా, ఆ దిమ్మ చేతిలో ఉంటే మళ్లీ ముక్క తీసే బాధ అమ్మగారికి తప్పవచ్చు. ఎమ్మారై ఇంకా కాకపోతే ఈ వారంలోనే చేయించి, కండరంలోకి సగం లోపు దిగిందా, దాటిందా అన్న ఒక్క వాక్యం నాకు రాయండి.